తాగేటోళ్లకే

శిరీష వాట్సాప్ స్టేటస్‌లో వాళ్ల అమ్మ ఫొటో చూశాను. దానికి దండ వేసి ఉంది. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు కోసం ఎప్పుడో తీయించుకున్న ఫొటో అది. దాన్నే పెద్దది చేయించారు. కళ్లు పెద్దవి చేసుకుని, భుజాలు బిగించుకుని, పోలీసుల ముందు కూర్చున్నట్టు కూర్చుంది. ఆమె అట్లా ఉండేదే కాదు. నవ్వితే పై పెదవి లేచి చిగుళ్లన్నీ కనిపించేవి. నవ్వే ఫొటో ఒక్కటైనా దొరకలేదా వీళ్లకు అని నాకు పిచ్చి కోపం వచ్చింది. కాసేపటికి తెలిసింది, ఆ కోపం ఫొటో మీద కాదని.

నేను జీవశాస్త్రం చెప్పే టీచర్ని. ఇప్పుడు సిరిసిల్ల దగ్గర పనిచేస్తున్నాను గానీ, అంతకుముందు ఆరేళ్లు కోరుట్ల నుంచి కథలాపూర్ పోయే దారిలో ఒక ఊరి హైస్కూల్లో ఉన్నాను. శిరీష ఆ బడిలో నా దగ్గర ఎనిమిది నుంచి పది దాకా చదివింది. వాళ్ల అమ్మ పేరు రిజిస్టర్‌లో ఉండేది, నేను మాత్రం ఎన్నడూ ఆ పేరుతో పిలవలేదు. ఊరందరిలాగే 'శిరీషోళ్లమ్మ' అనేవాణ్ని. పోయాక ఇప్పుడు కొత్తగా పేరు పెట్టి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

పొద్దున బస్సు దిగి బడికి నడిచే దారిలో ప్రతి అరుగు మీదా ఒక ఆడమనిషి, ఆమె ఒళ్లో ఒక చాట ఉండేవి. చాటలో ఒక పక్క కత్తిరించిన తునికాకు, ఇంకో పక్క తంబాకు. ఆకులో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, మూతి మలిచి, దారం కట్టి పక్కన పడేయడమే పొద్దంతా పని. దీన్ని మా వైపు బీడీలు చెయ్యడం అంటారు. కాల్చడాన్ని తాగడం అంటారు. చేసేది ఆడవాళ్లు, తాగేది మగవాళ్లు. ఆ రెండూ వేరువేరు లోకాలని ఊళ్లో అందరి నమ్మకం. రెండు చోట్లా ఉన్నది ఒకటే తంబాకు అని నాకొక్కడికైనా తెలిసి ఉండాలి. సర్కారు నాకు జీతం ఇచ్చేది అందుకే.

ఆమె చేతులు ఊరికే ఉండగా నేను చూడలేదు. చాట లేకపోయినా బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఏదో ఒకటి చుడుతూనే ఉండేవి. కొంగు చివర, బస్సు టికెట్, పెళ్లి పత్రిక, ఏది దొరికితే అది. శిరీష ప్రోగ్రెస్ కార్డు సంతకమై తిరిగి వచ్చేటప్పుడు గొట్టంలా చుట్టుకుని వచ్చేది. దాన్ని సాపు చేయడానికి నేను రెండు రోజులు రిజిస్టర్ల కింద పెట్టేవాణ్ని. ఒకసారి విసుగొచ్చి, కార్డు చుట్టొద్దమ్మా అని మొహం మీదే చెప్పాను. తప్పయిందన్నది, ఇంకెప్పుడూ చుట్టనన్నది. ఆ చెప్పే రెండు నిమిషాల్లో నా టేబుల్ మీది సెలవు చీటీని సన్నగా చుట్టి, మూతి కూడా మలిచి పెట్టి పోయింది.

దారం పళ్ల మధ్య పట్టుకుని పనిచేసే అలవాటు వల్ల మాటలు నోటి మూల నుంచి వచ్చేవి. దారం లేనప్పుడూ అట్లాగే మాట్లాడేది. కొత్తవాళ్లకు ఈమె మనల్ని ఎగతాళి చేస్తోందా అనిపించేది. నన్ను 'సారూ' అనేది, 'నువ్వు' అనేది. ఆ 'నువ్వు'లో ఉన్న మర్యాద, మా ఆఫీసులో వినిపించే 'మీరు'లో నాకు ఎన్నడూ కనిపించలేదు.

ఇంకో గుణం ఉండేది. రోడ్డు మీద ఎవరో తాగి పడేసిన బీడీ ముక్క కనిపిస్తే వంగి తీసి చూసేది. మూతి మలిచిన తీరు, దారం ముడి చూసి, ఇది ఫలానా వాడకట్టు ఆమె చేసింది అని చెప్పేసి మళ్లీ కింద పడేసేది. కోరుట్ల బస్టాండులో ఒక ముసలాయన తాగుతున్న బీడీని చూసి తిన్నగా దగ్గరికి పోయి, అది రెండు దమ్ములకు ఆరిపోతది పెద్దయ్యా, చేసినామెకు తంబాకు మిగిలించుకునే బుద్ధి ఉన్నది అని చెప్పి వచ్చిందట. నిజంగానే ఆరిపోయిందట. శిరీష ఆ ముచ్చట క్లాసులో చెప్పి, నేను సిగ్గుతో సచ్చిన సార్ అన్నది. క్లాసంతా పడి పడి నవ్వింది, నేను కూడా నవ్వాను.

ఇంత చేసీ ఆమెకు తాగేవాళ్లంటే చులకన. వాళ్లింట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. భర్త మస్కట్‌లో పనిచేసేవాడు, రెండేళ్లకో మూడేళ్లకో వచ్చి పోయేవాడు, ఆయన కూడా తాగడు. అది ఆమెకు పెద్ద గొప్ప. తాగేవాళ్ల ఊపిరి పాడైతుంది, ఇల్లు పాడైతుంది అని ఆమే అందరికీ చెప్పేది. పొద్దున్నే చాట ముందు కూర్చోగానే ఆమెకు వరసగా ఏడెనిమిది తుమ్ములు వచ్చేవి, తర్వాత దగ్గు. తంబాకు పలకరిస్తున్నది అనేది నవ్వుతూ. ఎంత కడుక్కున్నా చెయ్యి చేదు పోదని అన్నం తను కలుపుకునేది కాదు, బిడ్డ కలిపి పెడితే తినేది. అవన్నీ నాకు తెలుసు. విన్నాను, నవ్వాను, బడికి పోయాను.

శిరీష తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు సైన్స్ ఫెయిర్ వచ్చింది. ధూమపానం వల్ల నష్టాలు చూపించే ప్రాజెక్టు చేద్దామన్నాను. అందరూ చేసేదే. నీళ్ల సీసా ఒకటి తీసుకోవాలి, అడుగున చిల్లు పెట్టి మూయాలి, నిండా నీళ్లు పోయాలి. మూతకు బెజ్జం చేసి బీడీ దూర్చాలి, మెడ దగ్గర తెల్ల దూది ఉంచాలి. బీడీ ముట్టించి కింది చిల్లు వదిలితే నీళ్లు కారుతుంటాయి, ఆ గుంజుడుకు పొగ సీసాలోకి వస్తుంది. అది ఊపిరితిత్తి అన్నమాట. నాలుగు బీడీలు అయ్యేసరికి దూది గోధుమరంగుకు తిరుగుతుంది. చూసేవాళ్లు అబ్బో అంటారు.

మాకు మాత్రం కుదరలేదు. శిరీష ఇంటి నుంచి తెచ్చిన బీడీలు సగం కాలకముందే ఆరిపోయేవి. రెండు రోజులు అగ్గిపెట్టెలు అయిపోయాయి గానీ దూది తెల్లగానే ఉంది. మూడో రోజు పొద్దున ప్రార్థన కాకముందే శిరీషోళ్లమ్మ బడికి వచ్చింది. చేతిలో పేపర్ పొట్లం. బిడ్డ ఇంట్లో బీడీలు ఎత్తుకొచ్చిందని గొడవకు వచ్చిందనుకున్నాను. పైగా ఆ వారమే బీడీ కట్టల మీద సర్కారు వేయమన్న పుర్రె గుర్తు వద్దని కోరుట్లలో ధర్నా జరిగింది, ఊళ్లో ఆడవాళ్లంతా పోయి ఎండలో కూర్చుని వచ్చారు. మా చార్టు మీద శిరీష గీసింది అదే పుర్రె.

ఆమె పొట్లం విప్పింది. ఆరు బీడీలు. ఒకే పొడవు, ఒకే లావు, మూతులు అచ్చు పోసినట్టున్నాయి.

"పోరి తెచ్చినయి తీసేసిన బీడీలు సారూ. కార్ఖానల వాపసు గొట్టినయి. గవ్వి ఎట్ల కాల్తయి? గివ్వి వెట్టు. నా బీడీ ఆరిపోదు."

తను చేసిన బీడీ అందరి ముందు ఆరిపోతే పరువు పోతుందని, రాత్రి మంచి ఆకు ఏరి మరీ చేసిందట. చార్టు మీది పుర్రెను చూసి చాలాసేపు నవ్వింది. మొన్న ఎండలో కూర్చుని వద్దని మొత్తుకున్న బొమ్మను ఇంటికొచ్చేసరికి నా బిడ్డనే గీస్తున్నది సారూ అన్నది. పళ్లు ఇంకా పెద్దగా గీస్తే బాగుంటుందని సలహా కూడా ఇచ్చింది. ఆ ఆరు బీడీలూ చివరిదాకా కాలాయి. దూది చక్కగా రంగు తిరిగింది.

ఆ తర్వాత శిరీష ఒక పని చేసింది, నేను చెప్పంది. పాత తెల్ల చీర నుంచి రెండు గుడ్డ ముక్కలు చింపింది. ఒకటి వాళ్ల అమ్మ కూర్చుని బీడీలు చేసే మూల, ఆమె తల ఎత్తున గోడకు కట్టింది. రెండోది అదే ఇంట్లో దేవుడి గూటి దగ్గర కట్టింది. దుమ్ము అంటుకునేట్టు రోజూ రెండింటినీ నీళ్లతో తడిపింది. వారం తర్వాత రెండూ తెచ్చి నా టేబుల్ మీద పరిచింది. దేవుడి గూటి దగ్గరిది కొంచెం మాసింది. అమ్మ తల పక్కది గోధుమరంగుకు తిరిగింది. వాసన చూస్తే తంబాకు. సీసాలో ఆరు బీడీలు తాగించి మేము తెప్పించిన రంగే, ఎవరూ ఏమీ తాగకుండా ఆ గుడ్డకు వచ్చింది.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. పుస్తకంలో లేని ప్రయోగం, పోల్చి చూడటానికి రెండో గుడ్డతో సహా, పద్నాలుగేళ్ల పిల్ల సొంతంగా చేసింది. నా సర్వీసులో అట్లాంటిది మళ్లీ చూడలేదు. సీసా తీసేసి దీన్నే పెడదాం, జగిత్యాల జిల్లా ఫెయిర్‌లో మనదే మొదటి బహుమతి అన్నాను. శిరీష మొహం వెలిగిపోయింది.

సాయంత్రం హెడ్మాస్టరు నన్ను పిలిచారు. గుడ్డల సంగతి ఆయన చెవిన పడింది. బడి ఫెయిర్‌కు ముఖ్య అతిథిగా వస్తున్నది మా ఊరి టేకేదారు. అంటే కంపెనీ నుంచి ఆకూ తంబాకూ తెచ్చి ఆడవాళ్లకిచ్చి, చేసిన బీడీలు తిరిగి తీసుకునే మనిషి. బడికి నీళ్ల ఫిల్టర్ ఇచ్చింది ఆయనే.

"తాగుడు మంచిది గాదని ఎంతన్న చెప్పు, నేనద్దన్ననా? చేసుడు జోలికి పోకు. గీ ఊరంత గా చాట మీదనే బతుకుతున్నది. రేపు గాళ్లకు ఇంకో పని నువ్వు జూపెడ్తవా?" అన్నారు.

నిజం చెప్పాలి. నన్ను ఎవరూ బెదిరించలేదు. మెమో ఇస్తామనలేదు, బదిలీ చేయిస్తామనలేదు. నా దగ్గర జవాబు లేకపోవడం నాకు హాయిగా అనిపించింది, అంతే. మర్నాడు శిరీషతో టేబుల్ మీద చోటు సరిపోదమ్మా, గుడ్డలు వచ్చే ఏడు పెడదాం అన్నాను. నేను గుడ్డలు మడిచి లేబొరేటరీ బీరువాలో పెట్టి తాళం వేశాను. వచ్చే ఏడు అవి ఎక్కడున్నాయో నేను చూడలేదు, ఆ పిల్ల అడగలేదు.

ఫెయిర్ రోజు శిరీషోళ్లమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. మా టేబుల్ ముందు నిలబడి, మళ్లీ చేసి తెచ్చిన తన బీడీ కాలుతుంటే పిల్లల కంటే శ్రద్ధగా చూసింది. చూసినవా సారూ, ఎట్ల కాల్తున్నదో, ఒక్క దిక్కు ఒరుగలే అన్నది. శిరీష గుక్క తిప్పుకోకుండా పాఠం ఒప్పజెప్పింది. దూది రంగు తిరిగింది. అప్పుడు ఆమె టేబుల్ అంతా ఒకసారి కళ్లతో వెతికి, ఇంట్లో వారం రోజులు కట్టిన గుడ్డ ఏదని అడిగింది. నేను ఏదో గొణిగాను. ఆమె నాకు దగ్గరగా జరిగింది. చేతిలో ఫెయిర్ కరపత్రం సన్నగా చుట్టుకుపోతోంది.

"సారూ, గిది తాగేటోళ్లకేనా? చేసేటోళ్లకు గూడనా? బడిల వంటకు మనిషి గావాలె గద, చాట బందువెట్టి గా పనికి రమ్మని పోరి రోజు నా తలకాయ తింటున్నది. నాకేమో కార్డున్నది, పీఎఫ్ ఉన్నది, ఎట్లనో సమజైతలేదు. నువ్వొక్క మాట చెప్పు. బందువెట్టుమంటే రేపటిసంది చాట ముట్ట."

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ముగ్గురిలో ఒకామె మెట్‌పల్లికి వెళ్లిపోయింది. ఆ చోటు నెల రోజులుగా ఖాళీగా ఉంది. శిరీషోళ్లమ్మ అడిగితే ఇచ్చేవారే. నాకు అదీ తెలుసు.

టేకేదారు నాలుగు అడుగుల దూరంలో చాయ తాగుతున్నాడు. హెడ్మాస్టరు ఆయన పక్కనే ఉన్నారు. వాళ్లు మా వైపు చూడను కూడా లేదు. శిరీష టేబుల్ అవతల నుంచి నన్నే చూస్తోంది.

"తాగేటోళ్లకేనమ్మా. మీకేం గాదు," అన్నాను.

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. పై పెదవి లేచి చిగుళ్లన్నీ కనిపించాయి. టేబుల్ అవతలికి చూసి, ఇన్నవానే సారు ఏమన్నడో, ఇగ నా పానం దియ్యకు అన్నది. శిరీష దూది వైపు చూసింది. ఇంకో రెండు మాటలు చెబితే సరిపోయేది, కనీసం ముక్కుకు గుడ్డ కట్టుకోమనో, కిటికీ దగ్గర కూర్చోమనో. అదీ చెప్పలేదు. చెబితే మొదటి మాట అబద్ధమైపోతుంది కదా.

ఆ ప్రాజెక్టుకు జగిత్యాలలో రెండో బహుమతి వచ్చింది. శిరీషతో పాటు నేనూ నిలబడి ఫొటో దిగాను. ఆ పిల్ల తర్వాత కూడా బాగానే చదివింది, మార్కులు తగ్గలేదు. నా క్లాసులో చెయ్యెత్తి ప్రశ్న అడగడం మాత్రం మానేసింది.

నా మాట ఊళ్లో నడిచింది. ఆమె దాన్ని అరుగు అరుగుకూ మోసింది. ఎవరికైనా దగ్గొస్తే, ఏం గాదు, మా సారు చెప్పిండు, తాగేటోళ్లకేనట అని ధైర్యం చెప్పేది. ఒకసారి కోరుట్లలో బస్సు కోసం నిలబడితే, ముక్కూ మొహం తెలియని ఒకామె, నువ్వేనా శిరీషోళ్ల సారు అని పలకరించింది. చేసేటోళ్లకు ఏం గాదటగద, ఇన్నంక మనసు నిమ్మలమైంది సారూ అన్నది. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. బస్సొచ్చింది, ఎక్కాను.

తర్వాత నాకు సిరిసిల్ల వైపు బదిలీ అయింది. శిరీష ఇంటర్ తర్వాత లేబొరేటరీ టెక్నీషియన్ కోర్సు చేసి జగిత్యాలలో ఒక ఆస్పత్రిలో చేరిందని తెలిసి సంతోషపడ్డాను. ఆ సంతోషంలో కొంత నా గొప్ప కూడా కలుపుకున్నాను. నా శిష్యురాలు అని స్టాఫ్ రూమ్‌లో చెప్పుకున్నాను.

రెండేళ్ల కింద జగిత్యాల బస్టాండులో శిరీషోళ్లమ్మ కనిపించింది. మొదట పోల్చుకోలేదు. మెడ దగ్గర ఎముకలు తేలాయి, చీర మనిషి మీద ఆరేసినట్టుంది. వయసు నలభై అయిదు దాటి ఉండదు. సిమెంటు బల్ల మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఊని, ఒక్కో మాటకూ ఒక్కో ఊపిరి తెచ్చుకుని మాట్లాడింది. బిడ్డకు సంబంధాలు చూస్తున్నామని, తొందరేమీ లేదంటున్నదని చెప్పింది. ఆయాసం వస్తోందని, వయసు మీద పడుతోంది కదా అని కూడా చెప్పింది. బీడీలు ఇంకా చేస్తున్నారా అని అడిగాను.

"చెయ్యక? నువ్వే జెప్తివి గద," అని నవ్వింది.

నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు. వేములవాడ బస్సు వచ్చింది. ఆరోగ్యం జాగ్రత్తమ్మా అని చెప్పి ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బల్ల మీద ఆమె తల వంచుకుని దగ్గుతోంది. దిగి వెళ్లి ఒక్క మాట చెప్పడానికి కావలసినంత సేపే బస్సు ఆగింది. నేను ఫోన్ తీసి చూసుకుంటూ కూర్చున్నాను.

స్టేటస్ చూసిన మూడో రోజు ఆ ఊరికి పోయాను. దినాలు అయిపోయాయి, చుట్టాలు చాలామంది వెళ్లిపోయారు. మస్కట్ నుంచి వచ్చిన భర్త గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన చిన్నమ్మ, ఒక ముసలామె, లోపలికీ బయటికీ తిరుగుతోంది. నాకు కుర్చీ వేశారు. శిరీష చాయ తెచ్చి ఇచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. కళ్ల కింద నల్లగా ఉంది. ఏడవడం లేదు. ఏమైందమ్మా అని అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేదని అప్పుడే అనిపించింది.

ఊపిరితిత్తులు బాగా చెడిపోయాక ఆస్పత్రికి తీసుకుపోయారట. అంతకుముందు ఎన్నిసార్లు రమ్మన్నా ఆమె రాలేదట, తాగని దానికి నాకేమైతది అనేదట. శిరీష మెల్లగా, రిపోర్టు చదివినట్టు చెబుతోంది.

"చేర్చిన దినం డాక్టర్ అడిగిండు సార్, బీడీలు తాగుతదా అని. తాగది, చేస్తది అన్న. ఇన్నేండ్లసంది మానెయ్యుమని ఎవ్వలు చెప్పలేదా అన్నడు. అమ్మ మాస్కు దీసి మరీ చెప్పింది. మా సారు జెప్పిండు, తాగేటోళ్లకే, చేసేటోళ్లకు ఏం గాదని. ఏ సారు అన్నడు డాక్టర్. మీ పేరు జెప్పింది. బడి పేరు జెప్పింది. డాక్టర్ నా మొఖం జూసిండు."

చాయ నా చేతిలో చల్లారిపోతోంది.

"లేదు సార్, మా అమ్మకు సరిగ్గ యాదికి లేదు, మా సారు గట్ల అనలే అని నేనే డాక్టర్‌కు జెప్పిన."

ఎందుకట్లా చెప్పావని నేను అడగలేదు. ఆ డాక్టరు ముందు నా పేరు చెడిపోకూడదనే అట్లా చెప్పింది. పదేళ్లుగా నేను దాచుకున్నదాన్ని ఆ పిల్ల ఒక్క మాటతో నా కోసం మళ్లీ దాచిపెట్టింది. ఆ దాపరికానికి బలైంది మంచం మీద ఉన్న వాళ్లమ్మ.

"గంతే సార్. అమ్మ నాతోని మాట బంజేసింది. నన్ను అబద్ధాలదాన్ని జేస్తివి, సారును గూడ జేస్తివి అన్నది. మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది. రెండు దినాలు నేను పిలిస్తె పలుకలే. నీళ్లు సుత నర్సు ఇస్తెనే తాగింది. మూడో దినం పొద్దుగాల పోయింది."

నేను కుర్చీలో నుంచి లేచాను. ఎందుకు లేచానో తెలియదు, కూర్చుని చెప్పలేకపోయాను.

"మీ అమ్మ చెప్పిందే నిజమమ్మా. నేనట్లాగే అన్నాను. తెలిసే అన్నాను," అన్నాను. అందరికీ వినిపించేట్టు అన్నాను.

భర్త తల ఎత్తి చూశాడు. తర్వాత చేతులు జోడించాడు. గట్లెందుకంటరు సారూ, దానికి లాస్టుకు మతి తప్పింది, మీరు సదువుకున్నోళ్లు గట్ల ఎందుకు జెప్తరు, మీరు మనసుల పెట్టుకోకుండ్రి అని నన్ను ఓదార్చడం మొదలుపెట్టాడు. ముసలామె కూడా అవునవునంది. నన్ను కూర్చోబెట్టబోయారు. నేను ఆయన చెయ్యి విడిపించుకుని, నిజంగానే అన్నాను, నమ్మండి అని మళ్లీ చెప్పాను. ఆయన పెద్ద మనసుతో తల ఊపాడు. నమ్మలేదు.

శిరీష నేల మీద నుంచి లేవలేదు. చెయ్యి చాచి నా చేతిలోని చాయ గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. గొంతులో కోపం లేదు.

"నాకెందుకు జెప్తరు సార్. గా దినం నేను పక్కకే ఉంటి గద. అమ్మకు జెప్పేదుండె."